గార్బేజ్ కలెక్టర్ ఉన్నా మెమరీ లీకు ఎందుకు వస్తుంది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. నేను సరిగా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. ఆర్డర్లు తీసుకునే జావా సర్వర్ ఒకటి మీ బాధ్యతలో ఉంది. రోజుకు సుమారు లక్ష ఆర్డర్లు వస్తాయి. హీప్‌కు, అంటే ప్రోగ్రామ్ తన ఆబ్జెక్టులను ఉంచుకునే మెమరీకి, 2 జీబీ ఇచ్చిన రోజుల్లో నాలుగు రోజులకు ఒకసారి ‘అవుట్ ఆఫ్ మెమరీ: జావా హీప్ స్పేస్’ అంటూ పడిపోయేది. 4 జీబీకి పెంచాక తొమ్మిది రోజులు నిలబడింది. ఆ తరువాత మీ బృందంలోని పెద్దలు రోజూ తెల్లవారుజామున 3 గంటలకు సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టే ఏర్పాటు చేసి, సమస్య తీరిపోయిందన్నారు. మీకు రెండు సందేహాలు మిగిలాయి. వాడని మెమరీని తానే ఏరిపారేసే గార్బేజ్ కలెక్టర్ జావాలో ఉండగా లీకు ఎలా వస్తుంది? రోజూ పునఃప్రారంభిస్తే సరిపోతుందా?

ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి సర్వర్లతోనే బతుకుతున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఓపికగా చదవండి.

లీకు అన్న మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఆ మాట వినగానే చిల్లు పడ్డ బిందె, కారుతున్న కుళాయి గుర్తుకొస్తాయి. ఏదో బయటికి పోతోందని అనిపిస్తుంది. ఇక్కడ ఏదీ బయటికి పోదు. పుణ్యక్షేత్రంలో ఒక సత్రాన్ని ఊహించుకోండి. యాత్రికుడు గది తీసుకున్నాడు, దర్శనం చేసుకున్నాడు, తాళంచెవి జేబులో ఉండగానే ఊరు వెళ్లిపోయాడు. గది ఖాళీగానే ఉంది. కానీ గుమాస్తా దాన్ని ఇంకొకరికి ఇవ్వలేడు. రోజుకు నాలుగు గదులు ఇలా పోతుంటే, ఒకనాటికి సత్రం నిండా ఖాళీ గదులే ఉంటాయి, వచ్చినవారికి మాత్రం చోటు ఉండదు. సీ భాషలో జరిగే లీకు ఇదే. ‘మ్యాలక్’తో మెమరీ అడిగి తీసుకున్న ప్రోగ్రామ్ ‘ఫ్రీ’తో తిరిగి ఇవ్వడం మరిచిపోయింది, ఆ చిరునామా ఉన్న చరరాశి కూడా పోయింది. ఇక ఆ గది తాళంచెవి సత్రంలో ఎవరి దగ్గరా లేదు.

జావా వంటి భాషల్లో తాళంచెవి పోవడమన్నది ఉండదు. అక్కడ ఒక పనివాడు ఉంటాడు. అతడు గదుల్లోకి తొంగి చూడడు, రిజిస్టరు చూస్తాడు. ఏ గది ఎదుట ఎవరి పేరూ లేదో దాన్ని ఊడ్చి ఖాళీ చేస్తాడు. ఈ ఆలోచన చాలా పాతది. లిస్ప్ భాషను రూపొందించిన జాన్ మెకార్తీ 1960లో ప్రచురించిన పరిశోధన పత్రంలోనే ఇది ఉంది: ప్రోగ్రామ్ చేతిలో ఉన్న మూలాల నుంచి బయలుదేరి, రిఫరెన్సుల (ఒక ఆబ్జెక్టు దగ్గరుండే మరో ఆబ్జెక్టు చిరునామాల) వెంట నడిచి, చేరుకోగలిగిన వాటన్నిటికీ గుర్తు పెట్టాలి, గుర్తు లేనివన్నీ తిరిగి తీసేసుకోవాలి. నేటి జావా కలెక్టర్లు ఎంత తెలివి మీరినా మూలసూత్రం అదే. నడుస్తున్న థ్రెడ్ల (ప్రోగ్రామ్‌లో ఏకకాలంలో సాగే పనుల) స్టాక్‌లు, అంటే వాటి తాత్కాలిక చరరాశులుండే చోట్లు, ప్రోగ్రామ్ నడిచినంతకాలం నిలిచే స్టాటిక్ ఫీల్డులు వంటివి మూలాలు. వాటి నుంచి దారి ఉన్న ప్రతి ఆబ్జెక్టూ బతికే ఉంటుంది.

మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. కలెక్టర్‌కు దారి తెలుసు, అవసరం తెలియదు. ఆ ఆర్డర్ నిన్ననే పూర్తయిందనీ, దాన్ని మీ కోడ్ ఇక ఎన్నడూ తాకదనీ మీకు తెలుసు. కలెక్టర్‌కు తెలిసే మార్గం లేదు. ఏదో ఒక మ్యాప్‌లో (కీ చెబితే విలువ తీసి ఇచ్చే పట్టికలో) దాని పేరు మిగిలి ఉన్నంతకాలం అది మీకు కావాలనే అనుకుంటుంది. అలా అనుకోవడమే దాని ధర్మం, లేకపోతే మీరు వాడుతున్న ఆబ్జెక్టును మీ చేతిలోంచి లాగేసుకునేది. కాబట్టి జావాలో లీకును వెతకడమంటే ‘ఏది మిగిలిపోయింది’ అని అడగడం సగం పనే. ‘దాన్ని ఇంకా ఎవరు పట్టుకున్నారు’ అన్నది అసలు ప్రశ్న. నా అనుభవంలో వారాల తరబడి తిప్పలు పడినవారంతా మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయినవారు.

సాధనాలు తెరవడానికి ముందు మీ దగ్గర ఉన్న అంకెలనే ఒకసారి కాగితం మీద పెట్టండి. మీరు చెప్పిన రెండు అంకెల్లోనే చాలా ఉంది. హీప్‌ను 2 జీబీ పెంచితే అదనంగా ఐదు రోజులు వచ్చాయి. అంటే రోజుకు 0.4 జీబీ చొప్పున నిండుతోంది. ఆ లెక్కన మొదటి నాలుగు రోజుల్లో నిండింది 1.6 జీబీ. 2 జీబీలోంచి అది తీసేస్తే మిగిలేది 0.4 జీబీ. మీ సర్వర్‌కు నిజంగా కావలసిన మెమరీ సుమారుగా అంతే. మొదట ఇచ్చిన 2 జీబీయే అవసరానికి ఐదు రెట్లు ఉంది. నిజంగా మెమరీ చాలకపోవడమే కారణమైతే, పెంచిన తరువాత సర్వర్ పడిపోవడం ఆగిపోయేది. ఇక్కడ ఆగలేదు, వాయిదా పడింది. పెంచినంత మేరకే వాయిదా పడటం లీకుకు నాకు తెలిసిన బలమైన సాక్ష్యం.

ఇంకో అడుగు వేద్దాం. రోజుకు లక్ష ఆర్డర్లు, రోజుకు 0.4 జీబీ. ఆర్డర్‌కు సుమారు 4 కేబీ. ఈ అంకెను ఎక్కడైనా రాసి పెట్టుకోండి, దీనితో తరువాత పని ఉంది. అయితే ఇది ఆర్డర్లతో పాటు పెరుగుతోందా లేక గడియారంతో పాటు పెరుగుతోందా అన్నది ముందు తేల్చాలి. రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు దాకా మీకు ఆర్డర్లు దాదాపు ఉండవు. ఒక రెండు రోజులు ఆ పునఃప్రారంభాన్ని ఆపి, ఆ మూడు గంటల్లో ఏం జరుగుతోందో చూడండి. మెమరీ పెరగడం ఆగిపోతే నేరం ఆర్డర్లు నడిచే దారిలో ఉంది. అయినా పెరుగుతుంటే ఏదో టైమర్, ఆరోగ్య తనిఖీ, గణాంకాలు పంపే థ్రెడ్ లాంటివి చూడాలి. ఈ ఒక్క పరిశీలనతో వెతకవలసిన కోడ్ సగానికి తగ్గిపోతుంది.

గ్రాఫును చూసేటప్పుడు ఒక జాగ్రత్త. జావా హీప్ వాడకం ఎప్పుడూ రంపపు పళ్లలాగే కనిపిస్తుంది: పెరుగుతుంది, కలెక్టర్ నడిచాక పడుతుంది, మళ్లీ పెరుగుతుంది. కొత్తవాళ్లు పళ్ల మొనలను చూసి కంగారు పడతారు. మొనలతో మనకు పని లేదు. పూర్తి శుద్ధి జరిగిన ప్రతిసారీ గ్రాఫు ఎంతవరకు దిగుతోందో ఆ అడుగు గీతను చూడాలి. అడుగు గీత సమంగా ఉంటే పై మొనలు ఎంత ఎత్తుగా ఉన్నా లీకు లేదు. అది రోజురోజుకూ మెట్లెక్కుతుంటే ఉంది. ఇక ఒక రోజంతా ఎక్కి ఆ తరువాత సమంగా నిలిచిపోయే గీత ఒకటుంది, దాన్ని లీకు అనుకుని పొరపడవద్దు. ఉదాహరణకు, ప్రతి ఆర్డర్‌కూ ‘24 గంటల్లో డబ్బు రాకపోతే రద్దు చేయి’ అని షెడ్యూల్డ్ ఎగ్జిక్యూటర్‌లో (పనులను చెప్పిన సమయానికి నడిపే భాగంలో) ఒక పని పెట్టారనుకోండి. డబ్బు వచ్చాక మీరు ఆ పనిని రద్దు చేసినా, మామూలు అమరికలో అది తన గడువు వచ్చేదాకా క్యూలోనే ఉంటుంది. రద్దయిన వెంటనే తీసేయమనే అమరిక జావా 7 నుంచి ఉంది, కానీ దాన్ని మనమే చెప్పి పెట్టాలి. ఇలాంటి చోట ఒక రోజు ఆర్డర్లన్నీ మెమరీలో ఉంటాయి, అంతకు మించవు. మీ సర్వర్ తొమ్మిది రోజుల పాటు ఆగకుండా ఎక్కింది కాబట్టి మీది ఇది కాదు.

ఇంకో మాట. ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అని జావాయే చెప్పి పడిపోవడం వేరు, బయటినుంచి ఎవరో చంపేయడం వేరు. మీ సర్వర్‌ను మెమరీ హద్దు పెట్టి నడిపే కంటైనర్ 137 అనే సంకేతంతో ఆగిపోతే అది 128కి 9 కలిపిన అంకె. 9 అంటే లినక్స్ పంపిన చంపివేత సంకేతం. అప్పుడు హీప్ నిండకపోయినా ప్రక్రియ మొత్తం వాడకం హద్దు దాటిందని అర్థం: థ్రెడ్ స్టాక్‌లు, క్లాసుల వివరాలు ఉండే మెటాస్పేస్, హీప్ బయట తీసుకునే బఫర్లు ఇవన్నీ కలిసి. దానికి హీప్‌లో వెతికితే ఏమీ దొరకదు. మీరు ఇచ్చిన సందేశంలో ‘జావా హీప్ స్పేస్’ అని స్పష్టంగా ఉంది కాబట్టి మనం సరైన ఇంట్లోనే వెతుకుతున్నాం.

ఇప్పుడు హీప్ డంప్, అంటే ఆ క్షణాన హీప్‌లో ఉన్నదంతా ఫైలులోకి తీసిన నకలు. జావా అభివృద్ధి సాధనాల కట్ట అయిన జేడీకేతో పాటు వచ్చే జేసీఎండీతోనో జేమ్యాప్‌తోనో తీయవచ్చు. ‘హీప్‌డంప్‌ఆన్‌అవుట్‌ఆఫ్‌మెమరీఎర్రర్’ అనే ఐచ్ఛికాన్ని ఈ రోజే పెట్టేయండి. పడిపోయే క్షణంలో తనంతట తానే డంప్ తీసి పెడుతుంది. చనిపోయిన సర్వర్ వదిలిన ఆ ఒక్క ఫైలు లేక ఎన్ని రాత్రులు వృథా చేశామో నాకు గుర్తుంది. డంప్ తీసేటప్పుడు సర్వర్ కాసేపు స్తంభించిపోతుంది, ఫైలు హీప్ అంత పెద్దది కావచ్చు. అన్నిటికంటే ముఖ్యం, అందులో మీ వినియోగదారుల పేర్లు, ఫోను నంబర్లు, చిరునామాలు, ఒక్కోసారి సంకేతపదాలు కూడా ఉన్నవి ఉన్నట్టుగా ఉంటాయి. దాన్ని మీ ల్యాప్‌టాప్‌కు తెచ్చుకోవద్దు, మెయిల్‌లో పంపవద్దు, పని కాగానే చెరిపేయండి. ఇది చిన్న విషయంగా తీసుకునేవారిని చూసి చాలాసార్లు బాధపడ్డాను. మనల్ని నమ్మి ఇచ్చిన సమాచారం అది.

డంప్ తెరవగానే మీకు ఎదురయ్యే మొదటి మాయ ఇది: పట్టిక పైన బైట్ అర్రేలు, స్ట్రింగులు, హ్యాష్‌మ్యాప్ నోడ్లు ఉంటాయి. జావా 9 నుంచి స్ట్రింగ్ లోపల ఉండేది బైట్ అర్రేయే కాబట్టి ఏ ఆరోగ్యవంతమైన ప్రోగ్రామ్‌లో చూసినా ఇదే వరస. ‘బైట్ అర్రేలు లీకవుతున్నాయి’ అని ఎవరైనా అంటే, అది సత్రంలో పరుపులు ఎక్కువయ్యాయి అన్నట్టే. పరుపులు గదుల్లో ఉంటాయి. గదులు ఎవరి పేరున ఉన్నాయో చూడాలి.

ఎక్లిప్స్ మెమరీ అనలైజర్ అనే ఉచిత సాధనం ఇందుకు చక్కగా పనికొస్తుంది. అందులో ప్రతి ఆబ్జెక్టుకూ రెండు పరిమాణాలు చూపిస్తుంది. ఒకటి ఆబ్జెక్ట్ తానొక్కటే తినే చోటు. రెండోది, అది పోతే దానితో పాటు విడుదలయ్యే మొత్తం చోటు. రెండో దాని ప్రకారం పేర్చి చూడండి. నాలుగు రోజులు నడిచిన సర్వర్ డంప్ అయితే మీ 1.6 జీబీ ఎక్కడో ఒకచోట, చాలావరకు ఒకే మ్యాప్ కిందో ఒకే జాబితా కిందో కుప్పగా కనిపించాలి. అక్కడినుంచి మూలం దాకా దారి చూపమని అడగండి. ఆ గొలుసులో మీరు రాసిన క్లాసు పేరు మొదటిసారి ఎక్కడ వస్తుందో అక్కడ ఆగండి. రిజిస్టరు అదే.

ఇప్పుడు మనం దాచుకున్న 4 కేబీ అంకెను బయటికి తీయండి. ఆ మ్యాప్‌లో చిక్కుకున్న ఒక్కో ఆర్డర్, దాని వస్తువులు, చిరునామాతో సహా ఎంత ఉందో చూడండి. 4 కేబీ చుట్టుపక్కల ఉంటే మీ ప్రతి ఆర్డరూ చిక్కుకుంటోంది; తీసేసే వాక్యమే ఎక్కడా లేదని అర్థం. అదే ఒక్కోటి 40 కేబీ ఉంటే, సగటున పదింటిలో ఒకటే చిక్కుకుంటోంది. తీసేసే వాక్యం ఉంది, కానీ పదోసారి అక్కడికి చేరడం లేదు. ఇక ఆ పదోవాడెవరో అడగాలి. డంప్‌లో మిగిలిన ఆర్డర్లను ఒక యాభై తెరిచి స్థితి చూడండి. అన్నీ ‘చెల్లింపు విఫలం’ అనో ‘రద్దు’ అనో ఉంటే, మీ పని దాదాపు పూర్తయినట్టే.

ఇది ఊహించి చెప్పడం లేదు. లీకులకు ఇష్టమైన నివాసం విఫలమయ్యే దారి. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన చోట సీలో రాసిన ఒక సర్వర్ ఉండేది, ఫోను కాల్ రికార్డుల ఫైళ్లు చదివి బిల్లులకు సిద్ధం చేసేది. రోజుకు కొంత చొప్పున ఉబ్బేది. మూడు వారాలు వెతికాం. మెమరీ తప్పులు పట్టే సాధనం వాల్‌గ్రిండ్‌తో నడిపితే ఒక్క బైటు కూడా పోవడం లేదని చెప్పేది. మా పరీక్ష ఫైళ్లన్నీ శుభ్రమైనవి మరి. అసలు ఫైళ్లలో వెయ్యికి ఒకటో రెండో పాడైన వరసలు ఉండేవి. అలాంటి వరస తగలగానే ఫంక్షన్ మధ్యలోనే వెనుదిరిగేది, ‘ఫ్రీ’ ఆ కింద ఆరు వరసల తరువాత ఉండేది. ఒక సాయంత్రం మా సహోద్యోగిని ఒకామె కావాలనే చెడగొట్టిన ఫైలు ఇచ్చి నడిపారు. పది నిమిషాల్లో వాల్‌గ్రిండ్ ఆ వరస సంఖ్యతో సహా చూపించింది. అప్పటినుంచి నేను రాసే పరీక్షల్లో చెడ్డ ఇన్‌పుట్ ముందు వస్తుంది, మంచిది తరువాత.

పెద్దవాళ్లకూ ఇదే జరిగింది. 2012 అక్టోబరు 22న అమెజాన్ క్లౌడ్‌లో ఉత్తర వర్జీనియా కేంద్రం దెబ్బతిని ఎన్నో వెబ్‌సైట్లు ఆగిపోయాయి. నిల్వ సర్వర్ల నుంచి నిర్వహణ సమాచారం సేకరించే ఒక యంత్రం పాడైతే దాన్ని మార్చారు. కొత్త చిరునామా కొన్ని సర్వర్లకు చేరలేదు. వాటిలోని చిన్న సేకరణ ప్రోగ్రామ్ లేని యంత్రాన్నే పదేపదే పలకరిస్తూ పోయింది. దొరకని ప్రతిసారీ కాస్త మెమరీ పట్టుకుని వదల్లేదు. ఆ లీకు కోడ్‌లో ముందునుంచే నిద్రపోతోంది. పలకరింపు విఫలం కావడం మొదలైన రోజునే లేచింది.

దారి మూలం దాకా పట్టుకున్నాక మీకు ఎదురయ్యే రిజిస్టర్లు జావాలో కొన్నే రకాలు. స్టాటిక్ మ్యాప్‌ను క్యాషెగా (మళ్లీ అవసరమవుతాయని దగ్గర ఉంచుకునే నిల్వగా) వాడి హద్దు పెట్టకపోవడం అన్నిటికంటే ఎక్కువగా చూశాను. హద్దు, గడువు లేనిదాన్ని క్యాషె అనకూడదని నా గట్టి అభిప్రాయం. కెఫీన్ వంటి లైబ్రరీ తీసుకుని గరిష్ఠ సంఖ్య పెట్టండి. మళ్లీ మళ్లీ వాడే థ్రెడ్ల గుంపు అయిన థ్రెడ్ పూల్‌లో థ్రెడ్‌లోకల్ (ఒక్కో థ్రెడ్‌కు విడిగా ఉండే చరరాశి) వాడి చివర తీసేయకపోవడం ఇంకొకటి: పూల్‌లోని థ్రెడ్ చావదు కాబట్టి దాని జేబులో పెట్టింది కూడా చావదు. ఏదైనా జరిగితే కబురు అందుకునే లిజనర్‌గా ఒక ఆబ్జెక్టును నమోదు చేసి, ఆ నమోదు రద్దు చేయకపోవడం మరొకటి. ఫిక్స్‌డ్ థ్రెడ్ పూల్ వెనుక ఉండే క్యూకు మామూలుగా హద్దు ఉండదని చాలామందికి తెలియదు. పని వచ్చే వేగం చేసే వేగాన్ని దాటితే అదీ ఇలాగే ఉబ్బుతుంది.

వీటిలో నాకు అన్నిటికంటే క్రూరంగా అనిపించేది మారిపోయే కీ. ఆర్డర్ ఆబ్జెక్టునే మ్యాప్‌కు కీ గా పెట్టారు, హ్యాష్‌కోడ్‌ను (మ్యాప్‌లో ఏ గూట్లో పెట్టాలో చెప్పే అంకెను) దాని ఫీల్డులన్నిటి నుంచీ లెక్కకడుతున్నారు, ఆ ఫీల్డుల్లో ‘స్థితి’ కూడా ఉంది అనుకోండి. మ్యాప్‌లో పెట్టినప్పుడు స్థితి ‘కొత్తది’. తీసేటప్పటికి ‘పూర్తయింది’. హ్యాష్ మారిపోయింది. తీసేసే వాక్యం కోడ్‌లో ఉంటుంది, నడుస్తుంది, వేరే గూట్లో వెతికి ఏమీ దొరకక మౌనంగా శూన్యం ఇచ్చి వెళ్లిపోతుంది. లోపం అని ఎవరూ అరవరు. కోడ్ చదివినవాళ్లంతా ‘తీసేస్తున్నాం కదా’ అంటారు. మీ మ్యాప్‌లో 4 కేబీ లెక్క సరిపోయి, కోడ్‌లో తీసేసే వాక్యం కూడా కనిపిస్తే, ముందుగా దీన్ని అనుమానించండి. మారని ఆర్డర్ సంఖ్యను కీ గా పెడితే పోతుంది.

వీక్‌హ్యాష్‌మ్యాప్ (కీ ని ఇంకెవరూ గట్టిగా పట్టుకోకపోతే దాన్ని వదిలేసే మ్యాప్) పెడితే తీరుతుందని ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. ఒక్కోసారి తీరుతుంది. కానీ లోపల పెట్టిన విలువ తన కీ నే గట్టిగా పట్టుకుని ఉంటే ఆ బలహీన బంధానికి అర్థమే ఉండదు, అంతా అలాగే ఉండిపోతుంది. ఎవరు పట్టుకున్నారో తెలియకముందే మందు వేయవద్దు.

ఇతర భాషల సంగతి కూడా క్లుప్తంగా చెబుతాను. పైథాన్‌లో ప్రధానంగా రిఫరెన్సుల లెక్క నడుస్తుంది, ఒకదాన్నొకటి పట్టుకున్న ఆబ్జెక్టుల వలయాలను పట్టడానికి వేరే కలెక్టర్ ఉంది. వెతకడానికి ట్రేస్‌మ్యాలక్ 3.4 వెర్షన్ నుంచి భాషతోనే వస్తోంది. సీ++లో 2011 ప్రమాణం తెచ్చిన యునీక్ పాయింటర్, షేర్డ్ పాయింటర్‌లతో చాలా లీకులు పుట్టకముందే పోతాయి, కానీ రెండు షేర్డ్ పాయింటర్లు ఒకదాన్నొకటి పట్టుకుంటే రెండూ చావవు. రస్ట్‌లో కూడా రిఫరెన్సుల లెక్కతో నడిచే వాటిలో వలయం కడితే అంతే. లీకు ఉండదని ఆ భాష హామీ ఇవ్వదు. బ్రౌజర్‌లో అయితే పేజీలోంచి తీసేసిన భాగాన్ని ఏదో ఒక ఈవెంట్ లిజనర్ పట్టుకుని ఉండటం మామూలు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. పునఃప్రారంభాన్ని నేను చిన్నచూపు చూడను. అపాచీ వెబ్ సర్వర్‌లో ఇన్ని అభ్యర్థనల తరువాత పిల్ల ప్రక్రియను ముగించమనే అమరిక ఎంతో కాలంగా ఉంది. మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ ఐఐఎస్ మామూలుగా ప్రతి 1740 నిమిషాలకు, అంటే 29 గంటలకు, పని ప్రక్రియను మార్చేస్తుంది. అర్ధరాత్రి ఆర్డర్లు ఆగిపోకుండా మీ పెద్దలు చేసిన ఏర్పాటు ఆ రోజుకు సరైనదే. రక్తం కారుతుంటే ముందు కట్టు కట్టాలి. నా అభ్యంతరం ‘సమస్య తీరింది’ అన్న మాటతోనే.

ఎందుకంటే మీ లీకు గడియారాన్ని బట్టి కాక ఆర్డర్లను బట్టి సాగుతుంటే, పండుగ అమ్మకాల రోజున ఏం జరుగుతుందో లెక్క వేయండి. దసరాకో దీపావళికో ఆర్డర్లు పదింతలయ్యాయి అనుకుందాం. రోజుకు 0.4 జీబీ కాస్తా 4 జీబీ అవుతుంది. మీ దగ్గర మిగులు 3.6 జీబీ. తెల్లవారుజామున 3 గంటలకు తాజాగా మొదలైన సర్వర్ మళ్లీ 3 గంటలు కాకముందే నిండిపోతుంది, అదీ రాత్రి ఆర్డర్లు ముమ్మరంగా ఉన్నప్పుడు. పైగా అది ఒక్కసారిగా పడిపోదు. నిండుతున్నకొద్దీ కలెక్టర్ ఊపిరాడక ఊడుస్తూనే ఉంటుంది. జావా కలెక్టర్లలో ఒకటైన ప్యారలల్ కలెక్టర్ అయితే, సమయంలో 98 శాతం ఊడవడానికే పోయి హీప్‌లో 2 శాతం కూడా దొరకని దశకు వచ్చాక గానీ చేతులెత్తేయదు. ఆ లోపు ప్రతి వినియోగదారుడూ తిరుగుతున్న చక్రాన్ని చూస్తూ కూర్చుంటాడు. డబ్బు కట్టాడా లేదా తెలియని స్థితిలో ఉంటాడు.

లండన్ అంబులెన్స్ సర్వీస్ కథ మీ పెద్దలకు చెప్పండి. అక్కడి కంప్యూటర్ పంపిణీ వ్యవస్థ 1992 అక్టోబరు 26న పూర్తిగా అమల్లోకి వచ్చింది. మొదటి రెండు రోజుల గందరగోళం గురించి చాలామంది రాశారు, ఆ గందరగోళానికి కారణాలు వేరు. లీకు వల్ల జరిగింది నవంబరు 4 తెల్లవారుజామున. సుమారు రెండు గంటల వేళ వ్యవస్థ నెమ్మదించి, బిగుసుకుపోయింది. అంతకు దాదాపు మూడు వారాల ముందు ఒక ప్రోగ్రామర్ వేరే పని మీద రాసిన చిన్న కోడ్ ముక్క వ్యవస్థలోనే మిగిలిపోయింది. ఒక అంబులెన్స్‌ను పంపిన ప్రతిసారీ అది ఫైల్ సర్వర్‌లో కొద్ది మెమరీ తీసుకుని తిరిగి ఇవ్వలేదు. బండి వెనుక బండి, మూడు వారాల్లో మొత్తం అయిపోయింది. సిబ్బంది తమకు నేర్పిన పద్ధతిలోనే ఆపి మళ్లీ మొదలుపెట్టి చూశారు. ఫలితం లేదు. ఆదుకోవలసిన రెండో సర్వర్ ఆ పరిస్థితికి సిద్ధం చేసి లేదు. చివరికి కాగితాలతో, మనుషులతో పని నడిపించారు. 1993 ఫిబ్రవరిలో వచ్చిన విచారణ నివేదిక ఇవన్నీ నమోదు చేసింది. ఒక్కో బండికి పోయింది చాలా తక్కువ, మీ 4 కేబీ లాగే. పరీక్షల్లో ఎవరి కంటికీ ఆనలేదు.

కాబట్టి పునఃప్రారంభాన్ని ప్రస్తుతానికి ఉంచండి, కానీ అది ఎందుకుందో, రోజుకు 0.4 జీబీ ఎలా పోతోందో పక్కనే రాసి పెట్టండి. లేకపోతే రెండేళ్ల తరువాత వచ్చేవారికి అది ఒక ఆచారంగా మాత్రమే కనిపిస్తుంది. శుద్ధి తరువాతి అడుగు గీత 3 జీబీ దాటితే హెచ్చరిక వచ్చేలా పెట్టండి. ఈ వారంలో రెండు రోజులు ఆపి నడిపి, రెండు డంపులు తీయండి: మొదలైన కొన్ని గంటలకు ఒకటి, రెండో రోజు సాయంత్రం ఒకటి. రెండింటినీ పోల్చి, పెరిగిన కుప్ప ఏ క్లాసు కింద ఉందో, అందులో ఒక్కో ఆర్డర్ ఎన్ని కేబీలు ఉందో, వాటి స్థితి ఏమిటో చూసి రాయండి. ఆ మూడు సంగతులు తెలిస్తే కోడ్‌లో ఏ వరస అన్నది కలిసి తేల్చుకోవచ్చు.

దిద్దిన తరువాత సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి తొమ్మిది రోజులు ఆగనక్కర్లేదు. పరీక్ష సర్వర్ హీప్‌ను 600 ఎంబీకి కుదించి, విఫలమయ్యే చెల్లింపులు, రద్దయ్యే ఆర్డర్లు ఎక్కువగా కలిపి లక్ష ఆర్డర్లు పంపండి. పాత కోడ్ సగం దారిలో పడిపోవాలి. ముందు అది నిజంగా పడిపోతోందని చూసుకున్నాకే కొత్త కోడ్‌ను అదే హీప్‌తో, అదే ఆర్డర్లతో నడపండి. అడుగు గీత 400 ఎంబీ దగ్గర కదలకుండా నిలబడితే, ఆ రాత్రి నుంచి 3 గంటల పునఃప్రారంభాన్ని తీసేయవచ్చు.